కంప్యూటరు స్పీకర్లు మూగబోతే: కొత్తవి కొనే ముందు ఒక్క పరీక్ష

2022 ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాటి ఉదయం సంగతి ఇది. హోసూరు ప్రాంతంలోని మా పాఠశాలలో పది గంటలకు కోలాటం మొదలు కావలసి ఉంది. పిల్లలు పదిహేను రోజులుగా అడుగులు నేర్చుకున్న పాట కంప్యూటరులో భద్రంగా ఉంది. మీట నొక్కితే తెర మీద గీత కదులుతోంది, పాట నడుస్తున్నట్లే కనిపిస్తోంది, స్పీకర్ల నుండి మాత్రం చడీ చప్పుడూ లేదు. నిజానికి పాత స్పీకర్లు శనివారం అభ్యాసం నాడే మూగబోయాయి. అవి చెడిపోయాయని నిశ్చయించుకొని ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి 850 రూపాయలు పెట్టి కొత్త జత తెచ్చాను. సోమవారం ఉదయం తగిలిస్తే ఆ కొత్త జత కూడా పలకలేదు.

కోలాటం కర్రలు చేత పట్టుకొని నిలబడిన ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె నా వద్దకు వచ్చి, "సార్, పాత స్పీకర్లను ఒక్కసారి మీ ఫోనుకు తగిలించి చూద్దామా?" అన్నది. తగిలించాము. ఫోనులోని పాట గదంతా మారుమ్రోగింది. పాత స్పీకర్లకు ఏ రోగమూ లేదు! లోపం కంప్యూటరులో ఉంది. నేను వైద్యం చేసినది స్పీకర్లకు.

అసలు కారణం ఆ తరువాత తెలిసింది. శుక్రవారం నాడు పూర్వ విద్యార్థులు బహూకరించిన కొత్త మానిటరును కంప్యూటరుకు కలిపాము. పాత మానిటరుకు ఉన్నది నీలిరంగు మూతి గల వి.జి.ఏ. వైరు. అది బొమ్మను మాత్రమే మోసుకుపోతుంది. కొత్తదానికి వచ్చినది హెచ్.డి.ఎం.ఐ. వైరు. అది బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోయగలదు. కొత్త వైరు తగలగానే కంప్యూటరు శబ్దమంతటినీ మానిటరు వైపు మళ్ళించివేసింది. ఆ మానిటరులో స్పీకర్లే లేవు. మౌసుతో రెండు చోట్ల నొక్కగానే పాట పలికింది. కోలాటం పదిన్నరకు మొదలయింది.

ఈ చిన్న విషయాన్ని ఇంత విస్తారంగా వ్రాయడానికి కారణం ఉంది. మన పొలిమేర గ్రామాలలోని పిల్లలు బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో చదువుతారు. ఇంటి తెలుగు వారికి కంటి ద్వారా కంటె చెవి ద్వారానే ఎక్కువగా అందుతున్నది. కథలు, పద్యాలు, భజన పాటలు, దూరాన ఉన్న బంధువుల పలకరింపులు, అన్నీ వినికిడి మీదనే ఆధారపడినవి. అటువంటి ఇంట కంప్యూటరు మూగబోతే దానిని వారాల తరబడి అలాగే వదిలివేయడమో, నా వలె తొందరపడి డబ్బు తగలవేయడమో జరుగుతున్నది. రెండూ అనవసరమే.

చెరువు నుండి చేను దాకా

చివరి మడికి నీరు అందకపోతే రైతు కొత్త చెరువు త్రవ్వడు. గట్టు వెంట నడుస్తూ తూము తెరిచి ఉన్నదా, కాలువ తెగిందా, ఎవరైనా మధ్యలో మడవ మార్చారా అని చూస్తాడు. శబ్దం కూడా అటువంటి కాలువలోనే పారుతుంది. మనం నొక్కిన పాట మొదట దానిని ఆడించే ప్రోగ్రాములో, తరువాత విండోస్‌లో, అక్కడి నుండి కంప్యూటరులోని సౌండ్ చిప్పులో, దాని నుండి వెనుకనున్న ఆకుపచ్చ రంధ్రంలో, ఆపై వైరులో ప్రయాణించి స్పీకరు పెట్టెలోని ఆంప్లిఫయరును చేరుతుంది. ఆంప్లిఫయరు ఆ బలహీనమైన విద్యుత్ సంకేతానికి బలమిచ్చి కాగితపు కోనును కదిలిస్తుంది. కోను కదిలితే గాలి కదులుతుంది, మనకు వినిపిస్తుంది.

ఈ కాలువకు నడుమ ఉన్నది ఆకుపచ్చ రంధ్రం. కనుక మొదట అక్కడనే తెగ్గొట్టి చూడవలెను. స్పీకరు పిన్నును కంప్యూటరు నుండి ఊడదీసి, ఇయర్‌ఫోను రంధ్రం ఉన్న ఫోనుకు గుచ్చి పాట పెట్టండి. పలికితే స్పీకర్లు మంచివే, లోపం కంప్యూటరు వైపున ఉన్నది. పలకకపోతే లోపం స్పీకర్ల వైపున ఉన్నది. ఇప్పటి ఫోనులు అనేకం ఆ రంధ్రం లేకుండా వస్తున్నాయి. అప్పుడు పాత ఫోనో, రేడియోనో, టీవీ ఇయర్‌ఫోను రంధ్రమో వాడుకోవచ్చును. ఎదురు పరీక్ష కూడా చేయవచ్చును: ఇయర్‌ఫోనును కంప్యూటరు ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చి వినండి. ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు చాలు. దీనిని చేయకుండా ఎవరి దుకాణానికీ వెళ్ళవద్దని నా మనవి.

లోపం స్పీకర్ల వైపు ఉంటే

స్పీకరు మీది చిన్న దీపం వెలుగుతున్నదా? వెలగకపోతే కరెంటు అందలేదు. గోడ సాకెట్టులో మరొక వస్తువు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు విడిగా మీట ఉంటుంది, దానిని మరచిపోతాము. అనేక స్పీకర్లలో శబ్దం పెంచే గుండ్రని మరే స్విచ్చు కూడా. పూర్తిగా ఎడమకు త్రిప్పితే టక్కుమని ఆగిపోతుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆ మర తిరిగిపోవడం మా ఇంట్లోనే జరిగింది.

యు.ఎస్.బి.తో నడిచే చిన్న స్పీకర్ల విషయంలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. వాటికి రెండు వైర్లు ఉంటాయి. యు.ఎస్.బి. వైరు 5 వోల్టుల కరెంటు కోసం, గుండ్రని పిన్ను వైరు శబ్దం కోసం. మొదటిది మాత్రమే పెట్టి, దీపం వెలిగింది గనుక పలకవలెనని ఎదురుచూస్తారు. రెండూ పెట్టవలెను. యు.ఎస్.బి. వైరులోనే శబ్దమూ వచ్చే రకాలు కూడా ఉన్నాయి గాని వాటికి గుండ్రని పిన్ను ఉండదు.

ఇక ఆ పిన్ను ఏ రంధ్రంలో ఉన్నది? డెస్క్‌టాప్ కంప్యూటరు వెనుక సాధారణంగా మూడు రంగుల రంధ్రాలు ఉంటాయి. ఆకుపచ్చ స్పీకర్లకు, గులాబీ మైకుకు, నీలం బయటి శబ్దాన్ని లోపలికి తెచ్చుటకు. మూడింటి కొలత ఒకటే, 3.5 మిల్లీమీటర్లు; అందుచేత చీకటిలో చేయి పెట్టి గుచ్చితే పిన్ను ఎందులోనైనా దూరుతుంది. టార్చి వేసి చూడండి.

పిన్ను సగమే దిగితే జరిగే వింత ఒకటి చెప్పవలసి ఉన్నది. పాటలో వాద్యాలు వినిపిస్తాయి, గాయకుని గొంతు మాత్రం బావి లోతులో నుండి వచ్చినట్లు ఉంటుంది, లేదా మాయమవుతుంది. పాట చెడిపోయిందని పెద్దలు అనుకుంటారు. పిన్ను మీద రెండు నల్లని వలయాలు ఉంటాయి గదా, అవి దానిని మూడు భాగాలు చేస్తాయి. కొన ఎడమ స్పీకరుకు, నడిమి భాగం కుడి స్పీకరుకు, మొదలు రెండింటికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి భాగం సరిగా తగలనప్పుడు ఎడమ కుడి శబ్దాల మధ్యనున్న తేడా మాత్రమే మిగులుతుంది. గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు కనుక అదే కొట్టుకుపోతుంది. పిన్నును గట్టిగా లోపలికి నొక్కితే గొంతు తిరిగి వస్తుంది. నొక్కినా రాకపోతే పిన్ను మొదట్లో వైరు లోపల తెగి ఉండవచ్చును. అక్కడ మెల్లగా వంచుతూ వినండి. గరగరమని వచ్చి పోతుంటే తెగినది అక్కడే. రేడియో బాగుచేసేవారు కొత్త పిన్ను టంకం వేసి ఇస్తారు. వడ్లు, జొన్నలు నిలువ ఉన్న ఇండ్లలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా నేను చూశాను; వైరు పొడవునా వ్రేళ్ళతో తడిమితే తెలిసిపోతుంది.

రెండింటిలో ఒకే పెట్టె పలుకుతుంటే ఆందోళన వద్దు. జతలో ఒక పెట్టెలోనే ఆంప్లిఫయరు ఉంటుంది, రెండవది దాని నుండి వైరు ద్వారా శబ్దం తీసుకునే వట్టి పెట్టె. ఆ వట్టి పెట్టె వైరు ఊడి ఉండవచ్చును. దాని వైరును పూర్తిగా విడదీసి, ఒక పెన్సిలు సెల్లును, అంటే 1.5 వోల్టుల మామూలు బ్యాటరీని, వైరు రెండు కొనలకు క్షణకాలం తాకించండి. టక్కుమని చిన్న చప్పుడు వస్తే లోపలి కాయిలు బాగున్నట్లే. ఈ పరీక్ష వట్టి పెట్టెకే, దానిని విడదీసిన తరువాతనే. గోడ కరెంటుకు తగిలించే పెట్టెను మాత్రం ఇంట్లో విప్పవద్దు. అందులో 230 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చును.

మర త్రిప్పినప్పుడు కరకర శబ్దం వచ్చి మధ్యలో పలుకు తెగుతుంటే మర లోపల దుమ్ము చేరినదని, లేదా దాని కార్బన్ పూత అరిగినదని అర్థం. ఇరవై ముప్పై సార్లు ఇటూ అటూ త్రిప్పితే కొన్నాళ్ళు పని చేస్తుంది. ఆ పైన మర మార్చవలసినదే, అది చవకైన పని.

లోపం కంప్యూటరు వైపు ఉంటే

తెర క్రింది పట్టీలో కుడి చివర గడియారం పక్కన చిన్న స్పీకరు బొమ్మ ఉంటుంది. తెర మీది మాటలు ఇంగ్లీషులో ఉన్నా, పిల్లలు తమిళానికో కన్నడానికో మార్చి ఉన్నా ఆ బొమ్మ మారదు. దాని మీద గుణకారపు గుర్తు ఉంటే శబ్దం కట్టివేయబడినదన్నమాట. నొక్కి, తెరిచి, గీతను పైకి జరపండి. కొన్ని కీబోర్డుల మీద ఇదే పని చేసే మీట ఉంటుంది. పసిపిల్లలు కీబోర్డుతో ఆడుకున్న మరునాడు స్పీకర్లు 'చెడిపోవడం' ఇందువల్లనే.

గుర్తు సరిగానే ఉన్నా పలకకపోతే శబ్దం మరొక కాలువకు మళ్ళిందేమో చూడవలెను. మా పాఠశాలలో జరిగినది ఇదే. విండోస్ 10లో ఆ బొమ్మను నొక్కితే పైన ఒక పరికరం పేరు కనబడుతుంది. దాని మీద నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. విండోస్ 11లో శబ్దపు గీత పక్కనున్న చిన్న గుర్తును నొక్కవలెను. జాబితాలో మానిటరు పేరో, బ్లూటూత్ ఇయర్‌ఫోను పేరో ఎంపికై ఉంటే దానిని మార్చి 'స్పీకర్స్' అన్న దానిని ఎంచుకోండి. ఇంటి అబ్బాయి బెంగళూరు నుండి వచ్చి తన బ్లూటూత్ ఇయర్‌ఫోను ఒకసారి కలిపితే చాలు, తరువాత ఎప్పుడైనా అది దగ్గరలో వెలుగుతుంటే కంప్యూటరు దానితోనే మాట్లాడుతూ ఉండవచ్చును. అది పక్క గదిలో సంచిలో ఉన్నా సరే.

అన్ని పాటలూ పలుకుతూ ఒకే ప్రోగ్రాము మూగగా ఉంటే 'వాల్యూమ్ మిక్సర్' తెరవండి. స్పీకరు బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కితే అది కనబడుతుంది. అక్కడ ఒక్కొక్క ప్రోగ్రాముకు వేరే గీత ఉంటుంది. బ్రౌజరులో వీడియో చూసేటప్పుడు ఆ వీడియో క్రిందనే మరొక స్పీకరు బొమ్మ ఉంటుందని మరువరాదు. వీడియో కాల్ మాట్లాడేటప్పుడు తక్కిన శబ్దాలన్నీ తగ్గిపోవడం రోగం కాదు; కాల్ సమయంలో ఇతర శబ్దాలను 80 శాతం తగ్గించే ఏర్పాటు విండోస్‌లో ముందే ఉన్నది.

ఇవేవీ కాకపోతే కంప్యూటరును ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించండి. నవ్వకండి, శబ్దాన్ని నడిపే 'విండోస్ ఆడియో' అనే అంతర్గత సేవ మధ్యలో ఆగిపోతే దీనితో అది తిరిగి మొదలవుతుంది. అప్పటికీ లేకపోతే 'డివైస్ మేనేజర్' తెరిచి శబ్దానికి సంబంధించిన వరుసను చూడవలెను. అక్కడ పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉంటే డ్రైవరు, అంటే విండోస్‌కూ సౌండ్ చిప్పుకూ నడుమనుండే దుబాసీ, చెడినదని గుర్తు. రెండు భాషల ఊళ్ళలో బ్రతికే మనకు దుబాసీ తప్పు చెబితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ పేరు మీద కుడి మీట నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్' చేసి కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తే సాధారణంగా విండోస్ తనంతట తానే మళ్ళీ వేసుకుంటుంది. క్రిందికి చూసే చిన్న బాణం ఉంటే అది ఆపివేయబడినది మాత్రమే. 'ఎనేబుల్' చేస్తే చాలును.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగించిన మాట వాస్తవం. దానివల్లనే స్పీకర్లు ఆగిపోయాయని ఎవరైనా అంటే నమ్మవద్దు. మద్దతు ముగియడమంటే ఉచిత భద్రతా మార్పులు రాకపోవడం. అంతమాత్రాన ఉన్న శబ్దం పోదు.

ఉచిత లాప్‌టాప్‌లు ఉన్న ఇండ్లలో

తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత లాప్‌టాప్ పథకం క్రింద వచ్చిన యంత్రాలు మా ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని ఇండ్లలో నడుస్తున్నాయి. అక్క చదువుకు వచ్చినది ఇప్పుడు తమ్ముని చేతిలో ఉంటుంది. వాటిలో నేను ఎక్కువగా చూసిన లోపం ఇయర్‌ఫోను రంధ్రంలో ఉన్నది. ఆ రంధ్రంలో పిన్ను దూరితే లోపలి స్పీకర్లు తమంతట తాము ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పిన్ను కొన విరిగి లోపల ఉండిపోయినా, దుమ్ము గట్టిపడి లోపలి రేకు వంగినా, ఇయర్‌ఫోను ఇంకా ఉన్నదనే లాప్‌టాప్ భ్రమపడుతుంది. దాని స్పీకర్లు నిష్కారణంగా మౌనం వహిస్తాయి.

ఇటువంటి లాప్‌టాప్ ఒకదానికి మదర్‌బోర్డు మార్చవలెనని పట్టణంలోని ఒక దుకాణదారుడు చెప్పగా, ఆ కుటుంబం దానిని మూటగట్టి అటక మీద పెట్టింది. టార్చి వేసి చూస్తే లోపల ఇత్తడి రంగు ముక్క మెరిసింది. యంత్రాన్ని ఆపి, బ్యాటరీ తీసి, సన్నని పుల్ల కొనకు బంక చుక్క రాసి లోపలి ముక్కకు తాకించి, ఆరిన తరువాత మెల్లగా లాగాము. రెండవ ప్రయత్నంలో బయటికి వచ్చింది. బంక ఎక్కువైతే రంధ్రమే మూసుకుపోతుంది, కనుక చేయి స్థిరంగా ఉన్నవారే దీనికి పూనుకోవలెను. సూదులు, హెయిర్‌పిన్నులు గుచ్చవద్దు.

లినక్సుతో నడిచే లాప్‌టాప్ అయితే టెర్మినల్‌లో 'ఆల్సామిక్సర్' అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టండి. నిలువు గీతల క్రింద రెండు ఎం అక్షరాలు కనిపిస్తే అది మూగబడి ఉన్నట్లు. బాణపు మీటలతో అక్కడికి వెళ్ళి ఎం మీట నొక్కితే అవి రెండు సున్నలుగా మారుతాయి, శబ్దం వస్తుంది.

దుకాణానికి వెళ్ళక తప్పనప్పుడు

రంధ్రమే వదులై పోయినా, సౌండ్ చిప్పు కాలిపోయినా మదర్‌బోర్డు మార్చనవసరం లేదు. యు.ఎస్.బి. సౌండ్ కార్డు అనే బొటనవేలంత వస్తువు దొరుకుతుంది. దానిని యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టి స్పీకరు పిన్నును దానికి గుచ్చవచ్చును; మామూలు రకాలు కొన్ని వందల రూపాయలలోనే లభిస్తాయి. బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్ళేవారు ఎవరైనా ఉంటే తెప్పించుకోండి. దుకాణదారునితో "శబ్దం రావడం లేదు" అని మాత్రమే చెప్పకుండా, "స్పీకర్లు ఫోనుకు పెడితే పలుకుతున్నాయి, కంప్యూటరుకు పెడితే పలకడం లేదు" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యం విన్న తరువాత అతడు మీకు స్పీకర్లు అమ్మజూపడు.

స్పీకర్లు కొనవలసి వచ్చినా పాట ఉన్న ఫోనును వెంట తీసుకొనిపోయి అక్కడనే రెండు పెట్టెలూ విడివిడిగా విని కొనండి.

నేను తొందరపడి కొన్న 850 రూపాయల జతను తిరిగి తీసుకోమంటే దుకాణంలో ఒప్పుకోలేదు. ఇప్పుడు అది మా వీధి చివరనున్న పెద్దమ్మగారి ఇంట ఉన్నది. ఆమె మనుమడి పాత కంప్యూటరుకు తగిలించి ఇచ్చాను. హరికథలు వింటుంటారు. పోయిన నెల ఆమె కబురు పంపారు: "అయ్యవారూ, నీ డబ్బాలు పలకడం లేదు." వెళ్ళి చూస్తే మర ఎడమకు తిరిగి ఉన్నది.